పెయింటర్ వెనక చక్రం

ఆయన్ని అందరూ బెండు బాబాయి అనేవారు. ఎవరినైనా చితకబాదడాన్ని కూడా బెండు తీయడమే అంటారు కాబట్టి, ఆ పేరు కొత్తగా విన్నవాళ్ళు ఏ వస్తాదునో ఊహించుకుని వచ్చేవారు. తీరా చూస్తే బక్కపలచని మనిషి. ఎవరైనా తన కాలు తొక్కితే తానే "సారీ అండీ" అనే రకం. ఆయన బెండు తీసేది చక్రాలకు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నీళ్ళ మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో కూర్చున్నాడు. గోరంత పళ్ళచక్రాలతో, వెంట్రుకంత స్ప్రింగులతో పని. రిటైరయ్యాక ఆ వేళ్ళు ఊరికే ఉండలేకపోయాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత మోటార్ సైకిళ్ళ స్పోకు పుల్లల చక్రాలు కట్టడం మొదలుపెట్టాడు. ఒక పాత ఫోర్కును బల్లకు బిగించి, చక్రాన్ని అందులో వేలాడదీసి తిప్పుతూ, కుడిచేత్తో కీ పట్టుకుని ఒక్కో పుల్ల చివర ఇత్తడి నట్టును కొంచెం కొంచెంగా బిగించేవాడు. అసలు పని మాత్రం ఎడమచేతిది. పక్కపక్కనున్న రెండు పుల్లల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పిండి, ఏది బిగువో ఏది వదులో అక్కడికక్కడే చెప్పేసేవాడు.

"అందరూ పుల్లని మీటి చప్పుడు వింటారు కదా బాబాయి గారూ?" అని టీచరమ్మ ఒకసారి అడిగింది.

"చప్పుడుకి చెవి కావాలమ్మా. మా ఆవిడ మాటలు వినీ వినీ నాకు అదెప్పుడో పోయింది" అన్నాడాయన, ఇంట్లోకి వినబడేలా.

ఆదివారం పొద్దున్నే ఆ షెడ్డులో పాత బండ్ల పిచ్చివాళ్ళు నలుగురు చేరేవారు. బాబాయి ఒకడు. రెండోవాడు ఆయన బావమరిది, మందుల షాపాయన. దేశం నలుమూలలా ఫోన్లు చేసి ఎక్కడెక్కడో మూలపడ్డ సామాన్లు తెప్పించడం అతని పని. అతను రోజూ పలికే మందుల పేర్లకంటే బేరింగు నంబర్లే ఎక్కువ. మూడో మనిషి టీచరమ్మ, హైస్కూల్లో సైన్సు చెబుతుంది. తండ్రి నడిపిన సైడ్‌కారు బండిని ఆవిడ ఇప్పటికీ తనే విప్పి తనే బిగిస్తుంది. నాలుగోవాడు పెయింటర్. నిచ్చెన మీద నిలబడి గోడలకూ షాపులకూ బోర్డులు రాసే మనిషి. అందరి ట్యాంకుల మీదా సన్నటి బంగారు గీతలు లాగేది అతనే. ఒకరి బండి ఇంకొకరు బాగుచేసుకోవడమే తప్ప, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క అక్కడ ఎప్పుడూ లేదు. బాబాయి భార్యను అందరూ పిన్ని అనేవారు. ఆవిడ టీ గ్లాసులు పెట్టిన పళ్ళెంతో వచ్చి, నూనె అంటని చోటు కోసం వెతుక్కుని, దొరక్క చివరికి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళేది.

ముందుగా కనిపెట్టింది పిన్నే. ఒకనాడు పొగలు కక్కే టీ గ్లాసును ఆయన ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, తాగకుండా పేపరు చదువుతున్నాడు. ఆవిడ చటుక్కున గ్లాసు లాక్కుంది. వేళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఆయనకు తెలియలేదు.

డాక్టరు సూదితో గుచ్చి చూసి, స్కానింగు తీయించి, మెడ దగ్గర నరం నలిగిందన్నాడు. పోయిన స్పర్శ తిరిగిరావడం కష్టమనీ, ఇంకా పోకుండా చూసుకుందామనీ చెప్పాడు. బయటికొచ్చి ఇంటి సందు మలుపు తిరుగుతుండగా బాబాయి అన్నాడు.

"ఎవరికీ చెప్పకు. మీ తమ్ముడికి అస్సలు చెప్పకు."

"వాడికి చెప్తే తప్పేంటండీ?"

"సంచి నిండా బిళ్ళలు మోసుకొచ్చి నా మొహాన పోస్తాడు. వద్దు."

పిన్ని సరేనంది. ఆ సరే అన్నందుకు తర్వాత ఆవిడ ఏడవని రోజు లేదు.

చేతి సంగతి తెలియకపోయినా చక్రాల సంగతి మిగతావాళ్ళకు తెలిసింది. బాబాయి కట్టిచ్చిన చక్రం వేసుకుని టీచరమ్మ కొంతదూరం వెళ్ళొచ్చేసరికి పుల్లలు గలగలమన్నాయి. ఆవిడ ఆ చక్రం పట్టుకుని తిన్నగా మందుల షాపుకి వెళ్ళింది. ఇద్దరూ వెనకగదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని పుల్లల్ని ఒక్కొక్కటే పట్టి చూశారు. తిప్పితే చక్రం ఎటూ ఊగడం లేదు, చూపుకి లోపం లేదు. పిండితే మాత్రం ఒక పుల్ల తీగలా బిగుసుకుని ఉంది, దాని పక్కది ఉత్త అలంకారానికి ఉంది.

"ఆయనకి చెప్పాలండీ" అంది టీచరమ్మ.

"చెప్తే మా బావ బతకడు" అన్నాడు మందుల షాపాయన. "ఆయనకున్నదే ఆ ఒక్క గర్వం. నాకు వదిలెయ్యండి."

అప్పటినుంచి బాబాయి కట్టిన ప్రతి చక్రాన్నీ, టైరు ఎక్కించే వంకతో మందుల షాపుకి తీసుకెళ్ళేవారు. టీచరమ్మ పుస్తకాలు తిరగేసి బిగువు కొలిచే చిన్న పరికరం ఒకటి తయారుచేసుకుంది. ఇద్దరూ పుల్లలన్నీ సరిచేసి, టైరు వేసి, తెచ్చిచ్చేవారు. "అదరగొట్టావు బావా" అనేవాడు బావమరిది. బాబాయి తలూపేవాడు. లోపల మాత్రం, ఒక చెయ్యి పోయినా పనితనం పోలేదన్నమాట అనుకుని, ఆ రాత్రికి నిద్రపోయేవాడు.

ఇలా ఉండగా పెయింటర్ ఒక బండి సంపాదించాడు. పాత పిండిమర వెనక వానకు తడిసి, ఎండకు ఎండి, సగం మట్టిలో కూరుకుపోయిన బండి. చిన్నప్పుడు అలాంటి బండి మీద ఎవరో వెళుతుంటే వెంట పరిగెత్తానని అతను అందరికీ చెప్పుకునేవాడు. రెండు చక్రాలూ తుప్పు తినేసినట్టున్నాయి. మందుల షాపాయన ఫోన్లు చేసి చేసి రిమ్ములు ఒకచోట, హబ్బులు ఇంకోచోట పట్టాడు. ఎన్నడూ మొహం చూడని ఒక దూరపు ఊరి అభిమాని పుల్లలన్నీ కొలత ప్రకారం కోసి, మరలు వేసి, ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, రెండు కొసలూ మైనంతో మూసి పంపాడు. గొట్టం మీద "క్షేమంగా తిరగండి" అని రాసి ఉంది.

"చక్రాలు మీరే కట్టాలి బాబాయ్" అన్నాడు పెయింటర్. "ఇంకెవరు కట్టినా నేనెక్కను."

బాబాయి ముందు చక్రం కట్టాడు. అది మామూలుగానే మందుల షాపుకి వెళ్ళి, టైరు వేసుకుని, తిరిగి షెడ్డుకి వచ్చింది. పెయింటర్ పట్టుకెళ్ళేలోపు బాబాయి దాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. ఇత్తడి నట్ల మీద గీతలున్నాయి. ఆయన కీ నోరు ఆకురాయితో నున్నగా అరగదీసుకున్నది, అది గీత పడనివ్వదు. కొన్ని నట్లు అయితే ఆయన వదిలిన చోటు నుంచి ఒకటిన్నర చుట్టు తిరిగి ఉన్నాయి.

తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా మందుల షాపుకి నడిచాడు. బేరం లేని సమయం. బావమరిది కౌంటరు వెనక బిళ్ళలు సర్దుతున్నాడు.

"నా చక్రం ఎవరు విప్పారు?"

"ఏ చక్రం బావా?"

"నాటకాలాడకు. నట్ల మీద గీతలున్నాయి."

బావమరిది చేతిలోని పెట్టె కింద పెట్టాడు. అబద్ధం కోసం వెతుక్కున్నాడు కానీ దొరకలేదు.

"కొంచెం వదులుగా ఉంటే సరిచేశాం. అంతే."

"సరిచేశాను కాదు, సరిచేశాం. అంటే టీచరమ్మ కూడా ఉందన్నమాట. ఇదొక్కటేనా?"

అతను మళ్ళీ బిళ్ళలు సర్దబోయాడు.

"అన్నీనా?"

"బావా, నీకేదో ఇబ్బందిగా ఉందని మాకు తెలుసు. నువ్వు చెప్పలేదు, మేం అడగలేదు. ఇందులో అవమానం ఏముంది?"

"అదరగొట్టావు బావా అన్నావే. దాన్నేమంటారు?" అన్నాడు బాబాయి. గొంతు పెద్దది చేయలేదు. "నేను చిన్నపిల్లాణ్ణా, బొమ్మ గీస్తే బాగుంది బాగుంది అని తర్వాత చాటుగా దిద్దుకోవడానికి?"

షాపులోకి ఎవరో చీటీ పట్టుకుని వచ్చారు. ఆయన పక్కకి తప్పుకుని దారి ఇచ్చి, అలాగే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వెనక చక్రం ఆయన తలుపు వేసుకుని కట్టాడు. ఎడమచెయ్యి పని చేయదు కాబట్టి కుడిచేత్తోనే పిండి చూశాడు. ఆ చేతికి ఆ భాష రాదు. మీటి చప్పుడు విన్నాడు, అన్నీ ఒకలాగే వినిపించాయి. విప్పాడు, మళ్ళీ కట్టాడు. చివరికి తిప్పితే చక్రం బొంగరంలా నిలకడగా తిరిగింది. దాంతో చాలనుకున్నాడు. టైరు కూడా తనే ఎక్కించాలని పట్టుబట్టి, పిన్నిని పిలిచి అంచు మీద కాలు వేసి తొక్కమన్నాడు.

"ఒక్కసారి తమ్ముడికి చూపించండి" అంది ఆవిడ తొక్కుతూనే.

"నువ్వు కూడానా?"

ఆవిడ తలవంచుకుని టైరు అంచు తొక్కింది.

చక్రాన్ని బండికి బిగించేరోజు నలుగురూ పెయింటర్ ఇంటి ముందు చేరారు. మందుల షాపాయన, టీచరమ్మ బాబాయి మొహంలోకి చూడలేక బోల్టుల్లోకి చూస్తున్నారు. బండిని స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రం తిప్పారు. రవ్వంత కూడా ఊగలేదు. పెయింటర్ భార్య కూడా గుమ్మంలో నిలబడి నవ్వింది. మందుల షాపాయన వంగి రెండు పుల్లల్ని పిండి చూద్దామని చెయ్యి చాచాడు.

"చూసుకో" అన్నాడు బాబాయి. "నలుగురిలో చూసుకో."

బావమరిది తలెత్తి బావ మొహం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఏం అక్కర్లేదు, బాగుంది" అన్నాడు.

పెయింటర్ కొన్నాళ్ళు వీధుల్లో తిప్పాడు. ఆ తర్వాత ఒక ఆదివారం అందరూ కొండ దారిన పోదామనుకున్నారు. భార్యను వెనక కూర్చోబెట్టుకుంటానన్నాడు కానీ, ఆవిడకు జ్వరం తగిలి ఆగిపోయింది. బాబాయి సైడ్‌కారులో కూర్చున్నాడు, టీచరమ్మ నడిపింది. పెయింటర్ వాళ్ళకు ముందు వెళుతున్నాడు. దిగుడులో ఒక మలుపు దగ్గర ఎదురుగా లారీ వస్తుంటే అతను బ్రేకు వేశాడు. టపటపమని పుల్లలు తెగడం బాబాయికి వినిపించలేదు, టీచరమ్మకు వినిపించింది. వెనక చక్రం తడిసిన అట్టలా మడతపడింది. బండి పక్కకు పడి జారింది. లారీవాడు ఆపాడు. ఆపగలిగినంత ఆపాడు.

పెయింటర్ కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆసుపత్రి వరండాలో ఎవరు ముందు అన్నారో గాని, రోడ్డు మీద గుంట అన్నారు. పోలీసులు అదే రాసుకున్నారు. పెయింటర్ భార్య అదే నమ్మి, ఆ రోడ్డు వేసినవాళ్ళను నోరారా తిట్టింది. తెలివి వచ్చాక పెయింటర్ కూడా, "గుంట కనబడలేదు" అన్నాడట. మలుపులో గుంట లేదని బాబాయికి తెలుసు.

ఆయన మందుల షాపు వెనకగదికి వెళ్ళాడు. చక్రం ఏదని అడిగితే బావమరిది పాత ఇనుముకి వేసేశానన్నాడు. బాబాయి అట్టపెట్టెలు ఒక్కొక్కటే జరపడం మొదలుపెట్టాడు. కొంతసేపు చూసి, బావమరిది తనే గోనెసంచి బయటికి లాగాడు. చక్రం వంకరపోయి ఉంది. ఒకవైపు పుల్లలు తెగాయి, ఇంకోవైపువి వేలితో కదిపితే కదులుతున్నాయి. ఒక టైరుకొట్టువాడు చూసినా పుల్లల బిగువు తప్పిందని చెప్పేసేవాడు.

"నేను చెప్పేస్తాను" అన్నాడు బాబాయి.

"చెప్పి ఏం చేస్తావు? కాలు తిరిగొస్తుందా?"

"రాదు."

"మరి? ఇప్పుడిప్పుడే అన్నం తింటున్నాడు. నీ మనసు తేలిక చేసుకోవడానికి వాడి మీద ఇంకో బరువు వేస్తావా?"

బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. "మీరు ఒకటి దాచారు, నేను ఒకటి దాచాను" అన్నాడు చివరికి. "అందుకే కదరా ఇదంతా. ఇంకా దాచమంటే నావల్ల కాదు."

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే నా సంగతి కూడా చెప్పు. చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది నేనే."

"నీ సంగతి నువ్వు చెప్పుకో. నాది నాకు చాలు."

పెయింటర్ మంచం కిటికీ పక్కన ఉంది. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. బాబాయి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. చేతికి స్పర్శ పోయిన సంగతి, ఎవరికీ చెప్పని సంగతి, తలుపు వేసుకుని కట్టిన సంగతి, చూడబోతే చూడనివ్వని సంగతి. ఎడమచెయ్యి ముందుకు చాపి చూపించాడు, అది మామూలు చెయ్యిలాగే ఉంది. పెయింటర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"మీరు చెప్పకపోతే బాగుండేది బాబాయ్" అన్నాడు. "గుంట అనుకుంటే గుంటని తిట్టుకునేవాణ్ణి. దానికి మొహం లేదు. ఇప్పుడెవర్ని తిట్టమంటారు?"

"నన్నే."

"మిమ్మల్ని తిట్టడం నాకు చేతకాదు. అదే వచ్చిన గొడవ." దుప్పటి పైకి లాక్కున్నాడు. "రావద్దని మాత్రం అనను. వస్తే మాట్లాడమని అడక్కండి."

అతని భార్య మాత్రం ఒక మాట అంది. మందుల సంచితో అప్పుడే వచ్చి, తలుపు దగ్గర నిలబడి అంతా విన్నదావిడ. "జ్వరం రాకపోతే ఆ వెనక సీటు మీద నేనుండేదాన్ని" అంది. బాబాయి తలెత్తలేకపోయాడు.

తర్వాత ఆదివారాలు ఆ షెడ్డుకి ఎవరూ రాలేదు. టీచరమ్మ రెండుసార్లు వచ్చి, గేటు దగ్గర పిన్నితో మాట్లాడి వెళ్ళిపోయింది. సైడ్‌కారు బండికి గుడ్డ కప్పేసిందని తెలిసింది. మందుల షాపాయన తన సంగతి తను వెళ్ళి చెప్పుకున్నాడు. పెయింటర్ విని, సరే అన్నాడట. బావ, బావమరిది ఎదురుపడితే పలకరించుకునేవారు గాని, ఒకరి మీద ఒకరు వేసుకునే ఎకసెక్కాలు ఆగిపోయాయి.

పెయింటర్ ఇంటికి తిరిగొచ్చాడు. నిచ్చెన పని పోయింది. పెట్టుడు కాలు మోకాలి కింద ఒరుసుకుని పుండ్లు పడేది, సగం రోజులు విప్పి గోడకు ఆనించేవాడు. ముందుగదిలో స్టూలు వేసుకుని నంబరు ప్లేట్లు, చిన్న చిన్న నేమ్‌బోర్డులు రాసేవాడు. గోడంత అక్షరాలు రాసిన చేతికి అరచేతంత రేకు ముక్కలు ఇరుకుగా ఉండేవి. రాస్తూ రాస్తూ విసుగొచ్చి, తడి అక్షరాన్ని గుడ్డతో తుడిచి పారేసేవాడు.

బాబాయి సాయంత్రాలు అక్కడికి వెళ్ళి కూర్చునేవాడు. మొదట్లో పెయింటర్ భార్య తలుపు తీసి, పక్కకి తప్పుకుని, మాట లేకుండా లోపలికి వెళ్ళేది. కొన్నాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. బాబాయి ఆరిన ప్లేట్లు తీసి వరసగా పెట్టేవాడు, కుంచెలు కిరసనాయిల్లో కడిగేవాడు. పెయింటర్ వద్దనలేదు, ఇలా ఇవ్వమని కూడా అడగలేదు. ఈలోగా బాబాయి ఎడమచెయ్యి మణికట్టు దాకా మొద్దుబారింది. చొక్కా గుండీలు పిన్ని పెట్టాల్సి వచ్చేది.

ఒక సాయంత్రం బాబాయి వెళ్ళేసరికి పెయింటర్ భార్య ఇంట్లో లేదు, ఏదో సరుకు కోసం బజారుకి వెళ్ళిందట. పెయింటర్ స్టూలు మీద ఇబ్బందిగా కదులుతున్నాడు. పెట్టుడు కాలు గోడ దగ్గర ఉంది, చంకకర్ర ఇంకా అవతల ఉంది. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత కుంచె పక్కన పెట్టాడు.

"బాబాయ్" అన్నాడు. ఆసుపత్రి తర్వాత ఆ పిలుపు అదే మొదలు. "పెరట్లోకి వెళ్ళాలి. కర్రతో ఆ గడప నాకు కుదరదు."

బాబాయి గబగబా లేచి దగ్గరికొచ్చాడు. పెయింటర్ ఆయన ఎడమ చెయ్యి పట్టుకోబోయాడు.

"ఇటు వద్దు" అన్నాడు బాబాయి. "ఈ చెయ్యి నిన్ను పట్టుకుందో వదిలేసిందో నాకు తెలియదు. దీన్ని నమ్మకు. ఈవైపు రా."

పెయింటర్ ఆ చేతివైపు చూశాడు. కుడివైపుకి జరిగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి లేచాడు. బక్కమనిషి కాబట్టి బాబాయి ఒక పక్కకి ఒరిగిపోయాడు గాని నిలదొక్కుకున్నాడు. గడప దగ్గర ఆగి ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు. తర్వాత దాన్ని దాటారు.